కొలువులో బసవేశ్వరుడు

శ్రీ బసవేశ్వరుని చరిత్రమును మనము సాధారణముగా రెండు కొనలనుండి చెప్పుకొందుము. ఒక కొనయందు ఉపనయనమును కాదని బాగేవాడిలో ఇల్లు వెడలిన బాలుడు. రెండవ కొనయందు కూడలసంగమమున లింగైక్యమందిన మహాత్ముడు. ఈ రెండింటి నడుమ ఆతడు పెక్కు సంవత్సరములు ఒక రాజునొద్ద ఉద్యోగము చేసెను. లెక్కలు వ్రాసెను. కోశాగారపు తాళములు పట్టెను. ఏలిక అనుమానమును భరించెను. తోటివారి కొండెములను సహించెను. తుదకు ఆ పదవిని విడిచి నడచిపోయెను. జయంతి సభలలో ఈ నడిమి భాగమును త్వరత్వరగా దాటిపోవుట మన అలవాటు. ఈ వ్యాసమున అక్కడనే కొంతసేపు నిలువదలచితిని.

ఇట్లు తలచుటకు కారణము మన కన్నుల యెదుటనే కలదు. హైదరాబాదునకు ఆగ్నేయమున నున్న నాదర్‌గుల్ ఒకప్పుడు పొలములకును, శిక్షణ విమానములు లేచి దిగు చిన్న మైదానమునకును పేరొందిన ఊరు. నేడు ఆ దారి పొడవున ఇండ్ల స్థలముల హద్దురాళ్లు నిలిచినవి. ప్రక్కనున్న ఆదిభట్లలో విమాన భాగములు చేయు కర్మాగారములును, సాఫ్ట్‌వేరు కార్యాలయములును వెలసినవి. సోమవారము సాయంకాలము దీపము వేళకు ఇల్లు చేరు మగవారి స్థానమున, దీపము వేళకు ఇల్లు వెడలి తెల్లవారిన పిదప తిరిగి వచ్చు బిడ్డలను చూచుచున్నాము. అబ్బాయికి నిద్ర పట్టుటలేదని, అమ్మాయి ఫోను మ్రోగినంతనే ఉలికిపడుచున్నదని తల్లులు పూజానంతరము పెద్దలతో చెప్పుకొనుట వినబడుచున్నది. దానికి మన పెద్దలు ఇచ్చు జవాబు ఒక్కటే: శరణులు కాయకమును కైలాసముతో సమానము చేసిరి, కావున ఓర్చుకొని పనిచేయుమని. ఈ జవాబు సగము మాత్రమే సరియైనది. మిగిలిన సగము బసవన్న కొలువు చేసిన తీరులో ఉన్నది.

ఆ తీరును తెలిసికొనుటకు మనకు ఆధారములు పురాణములు, వచనములు, కొలది శాసనములు. బసవన్న జీవితమును చెప్పిన తొలి సమగ్ర కావ్యములలో ఒకటి మన తెలుగున వెలువడుట మనకు గర్వకారణము. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తికి చెందినవాడని ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించెను. దానిని 1369లో భీమకవి కన్నడమునకు తెచ్చెను. కన్నడమున హరిహరుడు బసవన్నపై రగళెను వ్రాసెను. 1260 నాటి అర్జునవాడ శాసనము సంగన బసవని పేర్కొన్నది. ఈ గ్రంథములు అన్ని విషయములలోను ఏకీభవింపవు. జన్మ సంవత్సరమును సైతము కొందరు 1105 అనియు, కొందరు 1131 అనియు చెప్పుదురు. తేడాలు వచ్చినచోట ఏది ఏ గ్రంథమునందున్నదో చెప్పి ముందునకు సాగుదును.

బాగేవాడి నేటి కర్ణాటకమున విజయపుర జిల్లాలో ఉన్నది. తండ్రి మాదిరాజు, తల్లి మాదాంబిక, అక్క నాగమ్మ. ఉపనయనమును నిరాకరించి బసవన్న ఇల్లు విడిచిన ఘట్టము మన పిల్లలందరికిని తెలిసినదే. పిదప ఆతడు కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమము చేరి, అక్కడ గురుసన్నిధిని విద్యయందును, సంగమేశ్వరుని పూజయందును యౌవనమును గడపెను. ఆ జీవితము ఆతనికి ఎంతయో ప్రియమైనది. హరిహరుడు చెప్పిన కథలో, సంగమనాథుడు స్వప్నమున కనిపించి బిజ్జలుని మంగళవాడకు పొమ్మని ఆజ్ఞాపించినపుడు బసవన్న సంతోషింపలేదు, శోకించెను. తన దేవుని విడిచి రాజనగరమునకు పోవలసి వచ్చినందులకు విలపించెను. ఊరు విడిచి తొలి ఉద్యోగమునకు పోవు యువకుని గుండె దిగులును మనము పిరికితనమని ఎగతాళి చేయుదుము. మహాభక్తుడైన బసవన్నకు ఆ దిగులు కలిగినదని చెప్పుటకు హరిహరుడు వెనుదీయలేదు.

మంగళవాడ నేడు మహారాష్ట్రమున షోలాపురము జిల్లాలో మంగళవేఢెయను పేర ఉన్నది. చాళుక్య చక్రవర్తుల సామంతుడైన కలచురి బిజ్జలుడు అక్కడ నుండెను. బసవన్న కొలువు చేరిన విధమును రెండు గ్రంథములు రెండు రీతులుగా చెప్పినవి. సోమనాథుని ప్రకారము బిజ్జలుని మంత్రియైన బలదేవుడు తన కుమార్తె గంగాంబను బసవన్నకిచ్చి వివాహము చేసెను. బలదేవుడు గతించిన పిదప రాజు బసవన్నను పిలిపించి ఆ పదవి నిచ్చెను. హరిహరుని ప్రకారము బసవన్న క్రింది మెట్టునుండి ఎక్కెను. రాజకార్యాలయమున గణకులు లెక్కలు వేయుచుండగా చూచి, అందులోని తప్పును పట్టి చూపెను. దానిని మెచ్చి సిద్ధదండాధీశుడను అధికారి ఆతనిని గణకునిగా నియమించెను. క్రమముగా ఆతడు భాండారియై, దండనాయకుడై ఎదిగెను.

నాకు ఈ రెండవ కథ యందు మక్కువ ఎక్కువ. ఇందులో మహిమ ఏమియు లేదు. ఉన్నది జాగరూకత మాత్రమే. ఇతరుల లెక్కలో తప్పు చూపుటకు తెలివి చాలును. కాని ఆ తప్పును చూపి, చూపించుకొన్నవారితోడనే ఏండ్ల తరబడి కలిసి పనిచేయుట తెలివితో మాత్రమే సాగునది కాదు. ఉద్యోగము చేసిన ప్రతివానికిని ఇది తెలియును. కొండెముల బీజము బహుశః ఆ మొదటి దినముననే పడి యుండును.

కొలది కాలమునకు బిజ్జలుడు బలము పుంజుకొని చాళుక్యుల రాజధానియగు కల్యాణమును చేజిక్కించుకొని, 1162 నాటికి స్వతంత్ర చక్రవర్తి యయ్యెను. కల్యాణమనగా నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. మన హైదరాబాదునుండి ముంబాయి మార్గమున జహీరాబాదు, హుమ్నాబాదు దాటి పోవలసిన ఊరు. 1956 వరకు అది హైదరాబాదు రాజ్యమునందే యుండెను. బసవన్న కొలువు చేసిన నగరము మనకు అంతటి దాపున నున్నదని మన పిల్లలలో ఎందరికి తెలియును?

ఇప్పుడు ఆతని స్థితిని ఊహింపుడు. ఏలిక తనకు ఏలికయైన వంశమునుండి సింహాసనమును లాగికొన్నవాడు. అట్టివానికి ప్రతివానిపైనను అనుమానమే. సైన్యమునకు జీతములు కోశము నుండియే పోవలయును. ఆ కోశము బసవన్న చేతిలో నున్నది. మరియొక ప్రక్క దేశదేశముల నుండి జంగములు, శరణులు కల్యాణమునకు వచ్చుచుండిరి. వారి దాసోహము బసవన్న ఇంట జరుగుచుండెను. పగలు రాజకార్యము, రాత్రి శరణగోష్ఠి. రాజభక్తులు ఆతనిని జంగముల మనిషి యనిరి. శివభక్తులలో కొందరు రాజుగారి మనిషి యనిరి. రెండు వైపులనుండియు నింద. ఇంతకంటె కష్టమైన ఉద్యోగము ఏమి యుండును?

బసవన్న దీనిని చిరునవ్వుతో దాటెనని మనము చెప్పుకొందుము. అది నిజము కాదు. ఆతనివిగా నేడు లభించు వచనములు సుమారు 1,400. వానిని వరుసగా చదివినవారికి కనిపించు బసవన్న ఎల్లవేళల ప్రశాంతుడైన యోగి కాదు. తన మనస్సు నిలుకడ లేనిదని మొరపెట్టుకొన్నవాడు. తన భక్తి బూటకమేమోయని శంకించుకొన్నవాడు. పొట్టకొరకై రాజును సేవించుచున్నాడన్న నిందకు నొచ్చుకొని, ఆ కొలువు జంగమసేవ కొరకేయని మాటిమాటికి సమాధానము చెప్పుకొన్నవాడు. కొన్ని వచనములలో ఆతడు తన్ను తాను నిందించుకొనిన తీరు చూచిన, ఒక ముఖ్యాధికారి ఇట్లు పదిమంది ఎదుట మాటలాడెనా యని విస్మయము కలుగును.

మనస్సు కలత చెందుటను భక్తిలోపముగా తలచు కుటుంబములు మనలో నేటికిని కలవు. పూజ సరిగా చేసిన ఇట్టివి రావని బిడ్డతో అందురు. ఆ మాట విన్న బిడ్డ మరల నోరు విప్పడు. త్రికాల లింగపూజ చేసిన బసవన్నకే మనస్సు కలత చెందెను, ఆతడు దానిని దాచలేదు. దాచకుండుటయే ఆతడు చేసిన మొదటి పని. నేటి కాలమున నెలల తరబడి నిద్ర పట్టక, అన్నము సహింపక, బ్రతుకు భారమని తోచువానికి శరణగోష్ఠితోపాటు వైద్యుడును కావలయును. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 2022 నుండి కేంద్ర ప్రభుత్వము నడుపుచున్న టెలి మానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును. జ్వరమునకు వైద్యుని పిలుచుట శివద్రోహము కానప్పుడు ఇది యెట్లు అగును? సందర్భము దాటినను ఈ ముక్క చెప్పక తప్పలేదు.

మరల కల్యాణమునకు వత్తము. కొండెములు చెప్పువారు తుదకు బిజ్జలుని చెవిని చేరిరి. భాండారి రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని చెప్పిరి. రాజు బసవన్నను పిలిపించి లెక్క అప్పగింపు మనెను. సోమనాథుడు ఈ ఘట్టమును వర్ణించిన తీరు ప్రసిద్ధము. పెట్టెలు తెరిపించి మాడలను లెక్కింపగా ఒక్కటియు తగ్గలేదు. రాజు సిగ్గుపడెను.

పురాణములు దీనిని సంగమేశ్వరుని మహిమగా చెప్పినవి. భక్తులకు అది ప్రమాణమే. కాని ఆ మహిమకు ముందు జరిగినదానిని కూడ చూడవలయును. బసవన్న కోపగించి తాళములను రాజు పాదముల యొద్ద విసరివేయలేదు. ఎవరు చెప్పిరో తెలుపుమని పట్టుపట్టలేదు. వచ్చి లెక్క చూచుకొమ్మనెను. లెక్కింపు ముగిసిన మరునాడు మరల అదే కొలువునకు పోయెను. ఇది సులభము కాదు. నింద తప్పని తేలిన పిదప సైతము, నిందించిన వారి నడుమ కూర్చుండి పనిచేయుటకు తన విలువ ఆ పదవియందు లేదని తెలిసియుండవలయును. భాండారి యనునది బసవన్న చేసిన పని. ఆతడు సంగని శరణుడు. రాజు ఇచ్చినది రాజు తీసికొనగలడు. సంగడు ఇచ్చినదానిని బిజ్జలుడు తాకలేడు. ఈ భేదమును ఆతడు ఎన్నడును మరువలేదు. పదోన్నతి రానంతనే తమ బ్రతుకు వ్యర్థమని తలచు మన యువకులు ఈ ఘట్టమును నిదానముగా చదువవలయును.

ఇంతటి భారమును మోయుచు బసవన్న ఒంటరిగా ఉండలేదు. అక్క నాగమ్మ తమ్ముని వెంట వచ్చి కల్యాణమున నుండెను. ఆమె కుమారుడు చెన్నబసవన్న పసితనము నుండి ఆ యింటనే పెరిగి, మేనమామకు సైతము తత్త్వము చెప్పగలవాడయ్యెను. గంగాంబిక, నీలాంబిక గృహమున దాసోహము నడిపిరి. హడపద అప్పన్న ఆతని ఆంతరంగికుడు. బసవన్న దర్శనమునకు వచ్చువారు ముందుగా అప్పన్నను చూడవలసియుండెనని సంప్రదాయము. వృత్తిచే ఆతడు మంగలి. ముఖ్యాధికారి ద్వారమున ఎవరిని నిలుపవలయునన్న ప్రశ్నకు బసవన్న ఇచ్చిన సమాధానము అది. తన వేళను కాపాడు భారమును ఆతడు మరియొకని చేతిలో నిశ్చింతగా ఉంచెను.

ఇక అనుభవమంటపము. దానిని గూర్చి మనము చెప్పుకొను ఎక్కువ సంగతులు 15వ శతాబ్దపు శూన్యసంపాదనె గ్రంథము వలన తెలిసినవి. అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠింపగా, శరణులు తమ తమ అనుభవమును సభయందు నివేదించెడివారు. చెప్పులు కుట్టువాడు, బట్టలు ఉతుకువాడు, పడవ నడుపువాడు, మంత్రి ఒకే చాప మీద కూర్చుండిరి. మనము దీనిని సమానత్వమునకు గుర్తుగా చెప్పుకొందుము, అది న్యాయమే. అయితే ఉద్యోగి కన్నులతో చూచిన మరియొక సంగతి కనబడును. పగలంతయు పదిమందికి ఆజ్ఞలిచ్చిన బసవన్న సాయంకాలము తనకంటె చిన్న పదవిలో నున్నవారి చేత తప్పు దిద్దించుకొనెను. ఆ సభలో ఆతని ముద్ర చెల్లలేదు.

దీనికి ఒక ఘట్టము ఉదాహరణము. అల్లమప్రభువు సిద్ధరాముని తోడ్కొని కల్యాణమునకు వచ్చి బసవన్న వాకిట నిలిచెను. ఆ వేళ బసవన్న లింగపూజలో నుండి వెంటనే లేచి రాలేదు. వాకిట నిలిచిన జంగమమును కాదని లోపల ఎవరిని పూజించుచున్నాడని ప్రభువు కోపించెను. బసవన్న తన తప్పును తెలిసికొని పరుగున వచ్చి పాదములపై బడెను. పని మాత్రమే కాదు, పూజ సైతము మనిషిని మనుష్యులకు కనబడకుండ చేయగలదని ప్రభువు చూపెను. ఇంటికి వచ్చియు ఫోనులో మునిగి, వాకిట నిలిచిన తండ్రిని చూడని కుమారుని గూర్చి ఇప్పుడు నేను వేరుగ చెప్పనక్కరలేదు.

కాయకమును గూర్చి పెద్దలు చెప్పు మాటలకు మూలమైన కథలు ఈ గోష్ఠినుండియే వచ్చినవి. వానిలో రెండింటిని విడదీసి చూడవలసియున్నది, ఏలయన వానిని నేడు తలక్రిందుగా చెప్పుచున్నారు.

మొదటిది నులియ చందయ్య కథ. ఆతడు చెరువు గట్టున గడ్డి కోసి, నారతీసి, తాళ్లు పేని అమ్మి, వచ్చిన దానితో జంగములకు అన్నము పెట్టెడివాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడెను. చందయ్య దానికై ఆగక మోపు కట్టుకొని పనికి పోయెను. లింగమే ఆతని వెంటబడినదని కథ. పనికి మించినది లేదని దీని భావమందురు. కాని చందయ్య ఆగకుండుటకు కారణము అధిక లాభము కాదు. ఆనాటి తాడు అమ్ముడుపోనిచో ఆనాటి జంగములకు అన్నము లేదు. వారు భుజించిన పిదప ఆనాటి కాయకము పూర్తియయ్యెను. అంతులేని పని ఆ కథలో ఎక్కడను లేదు.

రెండవది ఆయ్దక్కి మారయ్య కథ. ఈ దంపతులు మన రాయచూరు ప్రాంతమునుండి కల్యాణమునకు పోయినవారందురు. మారయ్య బసవన్న ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా పెట్టుకొనెను. ఒకనాడు శరణగోష్ఠిలో మైమరచి కూర్చుండగా భార్య లక్కమ్మ కాయకము వేళ దాటుచున్నదని హెచ్చరించెను. పెద్దలు ఇంతవరకు చెప్పి ఆపుదురు. కథ ఇంకను కలదు. మారయ్య త్వరపడి పోయి నాటి అవసరమునకు మించిన బియ్యము తెచ్చెను. అది చూచి లక్కమ్మ మెచ్చలేదు, చిన్నబుచ్చుకొనెను. ఈ అధికాశ మనకెందులకని, నిత్యము తెచ్చునంత ఉంచి మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. కాయకము చేయుమని తరిమినది ఆమెయే, మించి చేయవలదని ఆపినదియు ఆమెయే. మొదటి సగమును మాత్రమే పట్టుకొని మన బిడ్డలను పదునాలుగు గంటల కొలువునకు తోలుట శరణధర్మము కాదు. అది మన ఆశ. ఇంటి వాయిదాలు, కారు వాయిదాలు, ప్రక్కింటివారి కుమారుని జీతము. ఆ మిగులు బియ్యమును మోసికొని వచ్చునది మనమే.

నేటి వైద్యశాస్త్రము సైతము ఆ తల్లి వైపుననే ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ఒక పరిశీలనను ప్రకటించినవి. వారమునకు 55 గంటలు లేక అంతకు మించి పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతపు ముప్పు 35 శాతమును, గుండెజబ్బుతో మరణించు ముప్పు 17 శాతమును అధికమని తేలినది. ఒక్క 2016లోనే ఇట్టి దీర్ఘ పనివేళల వలన ప్రపంచమున సుమారు 7,45,000 మంది మరణించిరని ఆ సంస్థల అంచనా. లక్కమ్మకు ఈ లెక్కలు తెలియవు. మిగిలినది తిరిగి పోసి రమ్మనుట తెలియును.

బసవన్న కొలువు తుది దశకు వచ్చెను. తరువాతి గ్రంథములు చెప్పు కథ యిది. బ్రాహ్మణ కులమున పుట్టి శరణుడైన మధువరసు తన కుమార్తెను, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకిచ్చి వివాహము చేసెను. లింగధారణ జరిగిన పిదప కులమెక్కడిదని శరణులు ఆ వివాహమును ఆశీర్వదించిరి. నగరమునందలి పెద్దలు వర్ణసంకరమని గగ్గోలు పెట్టిరి. బిజ్జలుడు ఇరువురు తండ్రులకును కన్నులు తీయించి, ఘోరముగా చంపించెను. సోమనాథుడు ఆ వివాహమును చెప్పలేదు. అల్లయ్య, మధువయ్యలను ఇద్దరు భక్తుల కన్నులను రాజు పెరికించెనని మాత్రము చెప్పెను.

రాజు ఆ దండనను విధించు సమయమునకు బసవన్న ఆ రాజ్యమున అందరికంటె పెద్ద ఉద్యోగులలో ఒకడు. కొలువున నిలిచి నచ్చజెప్పవచ్చునని, పదవిలో నుండిన మరి కొందరినైనను కాపాడవచ్చునని ఆతని మనస్సు చెప్పియుండును. ఇట్టి వాదము ఎప్పుడును సిద్ధముగా నుండును, అందు కొంత సత్యమును ఉండును. ఇన్ని యేండ్లు ఆతడు ఆ వాదముననుసరించియే అనుమానములను, నిందలను ఓర్చుకొని కొలువున నిలిచెను. తనపై పడిన నింద ఆతనిని పదవినుండి కదల్చలేదు. తనవారి కన్నులు తీసిన రాజుకు ఇక కోశము లెక్కించి యిచ్చుట మాత్రము ఆతనికి సాధ్యము కాలేదు. ఓర్వదగిన కష్టమేది, ఓర్వరానిదేది అను ప్రశ్నకు ఆతని జీవితము గీచిన గీత అక్కడ నున్నది.

పదవిని విడుచుట వలన ఆతనికి కలిగిన నష్టము తక్కువది కాదు. ఇల్లు, మంటపము, దాసోహము, ఒక జీవితకాలపు కృషి అన్నియు కల్యాణముననే యుండిపోయెను. ఆతడు వెడలిన పిమ్మట జగదేవుడు, మల్లయ్య, బొమ్మయ్య అనువారు బిజ్జలుని వధించిరని సోమనాథుడు చెప్పెను. బిజ్జలుని పాలన 1167-68 ప్రాంతమున ముగిసినదని చరిత్రకారులు చెప్పుదురు. నగరమున కల్లోలము చెలరేగెను. శరణులు వచనముల కట్టలను చంకనిడుకొని నలుదిక్కులకు పోయిరి. చెన్నబసవన్న కొందరిని వెంటబెట్టుకొని పడమటి కనుమలలోని ఉళవికి చేరెను.

బసవన్న యౌవనమున విలపించుచు విడిచిన కూడలసంగమమునకు మరల వచ్చెను. అక్కడనుండి అప్పన్నను పంపి నీలాంబికను రమ్మని కబురు చేసెననియు, ఆమె బయలుదేరి వచ్చుచుండగనే ఆతడు లింగైక్యమయ్యెననియు, అది విని ఆమె దాపునగల తంగడగి యొద్ద కృష్ణాతీరముననే ఐక్యమందెననియు ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు.

దిగువన నారాయణపురము ఆనకట్ట కట్టిన పిమ్మట సంగమమున నీరు పెరిగినది. ఐక్యస్థలము మునుగకుండ దాని చుట్టును బావివలె ఎత్తైన గోడ కట్టిరి. నేడు వంతెనపై నడచిపోయి, మెట్లు దిగి, చుట్టును నది నిండియుండగా ఆ లోతున ఐక్యలింగమును దర్శింపవచ్చును. కల్యాణమునుండి తెచ్చుకొన్న అధికార చిహ్నము ఒక్కటియు అక్కడ లేదు.